పార్సిల్లో వచ్చిన నీటి మొక్క మూన తిరగాలంటే

అక్వేరియం మొక్కలు ఇవాళ చాలామందికి పార్సిల్లోనే అందుతున్నాయి. కోల్‌కతా, చెన్నై, ముంబై, కేరళ నుంచి కొరియర్లోనో ఆర్టీసీ కార్గోలోనో రెండు మూడు రోజులు ప్రయాణించి హైదరాబాద్‌కో విజయవాడకో చేరతాయి. అట్టపెట్టె విప్పాక ఫొటోలో చూసిన పచ్చదనం చాలాసార్లు కనిపించదు. పసుపెక్కిన ఆకులు, నల్లబడ్డ అంచులు, వేలికి అంటుకునే జిగురు ఉంటాయి. సరేలెమ్మని తొట్టిలో నాటితే వారం తిరిగేసరికి మిగిలిన ఆకులు కూడా పలచబడి, అద్దంలా తేటబడి కరిగిపోతాయి. ఇక సలహాలు మొదలవుతాయి. ఒకరు లైటు పెంచమంటారు, ఒకరు తగ్గించమంటారు. ఆకులన్నీ కత్తిరించెయ్యమని ఒకరు, ఒక్కటీ ముట్టుకోవద్దని ఇంకొకరు. ఎరువు వెయ్యమని కొందరు, వేస్తే చస్తుందని కొందరు.

ఈ సలహాల్లో దేన్నీ పూర్తిగా కొట్టిపారెయ్యలేం. ఒక్కొక్కటీ ఏదో ఒక మొక్క విషయంలో నిజమే, అన్ని మొక్కలకూ వర్తించకపోవడమే చిక్కు. దెబ్బ ఎక్కడ తగిలిందో, మొక్క తన తిండి ఎక్కడ దాచుకుందో చూడకుండా వైద్యం మొదలుపెట్టడం వల్లే నష్టం ఎక్కువ. నా తీర్పు ముందే చెప్పేస్తాను. ప్రయాణంలో పోయే మొక్కలు కొన్నే. ఆ తర్వాతి రెండు మూడు వారాల్లో మన తొందర వల్ల పోయేవే ఎక్కువ.

ముందు పెట్టె లోపల ఏం జరుగుతుందో చూద్దాం. చీకట్లో మొక్క తిండి తయారుచేసుకోలేదు, కానీ శ్వాస ఆపదు. దాచుకున్న చక్కెరలు, పిండిపదార్థం గంటగంటకూ ఖర్చవుతూనే ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ ఆ ఖర్చూ పెరుగుతుంది. స్థూలంగా చెప్పాలంటే పది డిగ్రీలు పెరిగితే శ్వాస వేగం రెట్టింపవుతుంది. మే నెలలో గోదాములో ఒక పగలంతా పడి ఉన్న పెట్టెకూ, డిసెంబర్లో అదే దూరం వచ్చిన పెట్టెకూ తేడా అక్కడే. దీనికి తోడు ఇథిలీన్. గాయపడ్డ ఆకులు, కుళ్లుతున్న ఆకులు ఈ వాయువును వదులుతాయి. పండ్లను మగ్గబెట్టే గదుల్లో వాడేది ఈ వాయువునే. మూసిన కవర్లో ఇది పోగుపడితే బాగున్న ఆకులు కూడా ముదిరి పసుపెక్కుతాయి, కొన్ని మొక్కలు కణుపు దగ్గరే ఆకు రాల్చేస్తాయి. కుళ్లిన ఒక్క కాడను కట్టలో వదిలేసి ప్యాక్ చేస్తే కట్ట మొత్తం ఎందుకు పాడవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

నీటి మొక్కే కదా అని కవర్ నిండా నీళ్లు పోసి పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇది మంచి పద్ధతి కాదు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ సుమారు 8 మిల్లీగ్రాములే, వేడెక్కితే అది ఇంకా తగ్గుతుంది. పైగా నీటిలో వాయువుల కదలిక గాలిలో కన్నా దాదాపు పదివేల రెట్లు నెమ్మది. చీకట్లో మొక్క ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకున్నాక ఆ నీళ్లలో కుళ్లు మొదలవుతుంది. తడిపి పిండిన న్యూస్‌పేపర్లో వేళ్లను చుట్టి, కాస్త గాలి నింపిన కవర్లో పెడితే మొక్క తడి ఆరదు, ఊపిరీ ఆడుతుంది. అనుభవమున్న అమ్మకందారులందరూ చేసేది ఇదే.

మొక్కల ప్రయాణం గురించిన చింత ఇవాళ్టిది కాదు. లండన్ వైద్యుడు నథానియల్ బాగ్‌షా వార్డ్ 1829లో మూసి ఉన్న సీసాలో ఫెర్న్ మొక్క తనంతట తాను మొలిచి పెరగడం గమనించాడు. 1833లో గాజు పెట్టెల్లో మొక్కలు పెట్టి ఓడలో సిడ్నీకి పంపితే అవి నెలల ప్రయాణం తట్టుకుని బతికాయి. ఆ తర్వాత చైనా నుంచి తేయాకు మొక్కలను రాబర్ట్ ఫార్చ్యూన్ మన దేశానికి తరలించింది అలాంటి పెట్టెల్లోనే. వార్డ్ పెట్టెలో తేమ నిలిచేది, వెలుతురు లోపలికి వచ్చేది. మన అట్టపెట్టెలో తేమ ఒక్కటే ఉంటుంది. అందుకే ఇక్కడ నెలల మాట లేదు, రోజులు లెక్కపెట్టాలి. మూడు రోజుల వరకు చాలా మొక్కలు తట్టుకుంటాయి. వారం దాటితే గట్టి దుంప ఉన్నవే మిగులుతాయి.

అయితే, పెట్టెలోంచి నిగనిగలాడుతూ బయటికొచ్చిన మొక్క కూడా తొట్టిలోకి వెళ్లాక ఎందుకు కరిగిపోతుంది? ఈ సమస్య మొత్తానికీ ఇదే గుండెకాయ. మనం అక్వేరియం మొక్కలంటున్న వాటిలో చాలావరకు ఉభయచరాలు. వాగుల ఒడ్డున, చిత్తడి నేలల్లో కొన్ని నెలలు నీట మునిగి, కొన్ని నెలలు బయట ఉండి బతికే జాతులు. నర్సరీలు వీటిని ఎక్కువగా నీటి బయటే పెంచుతాయి. వేళ్లకు తడి, ఆకులకు తేమగాలి ఉండేలా గ్రీన్‌హౌస్‌లో ఏర్పాటు చేస్తాయి. 1970 నుంచి ఈ వ్యాపారంలో ఉన్న డెన్మార్క్ సంస్థ ట్రాపికా మొదలు మన దేశంలోని చిన్న నర్సరీల దాకా ఇదే దారి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ధారాళంగా అందుతుంది కాబట్టి మొక్క త్వరగా ఎదుగుతుంది. పాచి పట్టదు, నత్తల బెడద తక్కువ. ఆకు మీద మైనపు పొర ఉంటుంది కాబట్టి ప్రయాణంలో తొందరగా వాడదు.

ఆ మైనపు పొరే నీటిలో మునిగాక శత్రువవుతుంది. నీటిలో పెరిగిన ఆకు వేరే తీరుగా ఉంటుంది. పలచన, మైనం దాదాపు లేనట్టే, పత్రరంధ్రాలతో పనిలేదు, కావలసినవన్నీ ఒళ్లంతా పీల్చుకుంటుంది. హైడ్రిల్లా ఆకు మందం రెండు కణాల వరసలే. గాలికి అలవాటుపడ్డ మందపాటి ఆకు నీట మునిగితే కార్బన్ సరిగా అందక ఆకలితో ఉండిపోతుంది. దాన్ని పోషించడం దండగని మొక్క దాన్ని వదిలేసుకుని, ఉన్న నిల్వలతో కొత్త రకం ఆకులు వేస్తుంది. మనకు కనిపించే కరగడం ఇదే. జబ్బు అనుకుని మందులకు పరిగెత్తుతాం గానీ ఇది మొక్క ఇల్లు మారడం.

ఈ మార్పు కళ్లారా చూడాలంటే వాటర్ విస్టీరియాను మించింది లేదు. మన పల్లెల్లో మడుగుల పక్కన ముళ్లతో పెరిగే నీరుగొబ్బికి ఇది దగ్గరి చుట్టం, ఇదీ భారత ఉపఖండం మొక్కే. నీటి బయట దాని ఆకు కోలగా, అంచున రంపపు పళ్లతో, తులసి జాతి ఆకేమో అనిపించేలా ఉంటుంది. అదే కాండాన్ని నీట ముంచితే కొత్తగా వచ్చే ఆకు ఈనె దాకా చీలి కొత్తిమీర ఆకులా విడిపోతుంది. మధ్యలో ఒకటి రెండు జతలు అటూ ఇటూ కానట్టు, సగం చీలి ఉంటాయి. ఒకే కాండం మీద కింద పాత ఆకులు పసుపెక్కుతుంటే పైన చీలికల ఆకు విప్పుకుంటున్న ఆ దశలో మొక్కను పీకి పారేసేవాళ్లున్నారు. సరిగ్గా అప్పుడే అది గట్టెక్కుతోంది. వరి నారు పీకి నాటాక నాలుగు రోజులు పసుపెక్కి, వేరు పట్టి మూన తిరిగినట్టే ఇదీను. నారు పసుపెక్కిందని ఏ రైతూ పొలం దున్నెయ్యడు.

కాబట్టి చూడాల్సింది ఆకుల్ని కాదు. మొవ్వు, దుంప, వేరు, కణుపు, ఈ నాలుగింటినే చూడాలి. ఏ మొక్క ప్రాణం ఎక్కడుందో దాన్నిబట్టి వైద్యం మారుతుంది.

క్రిప్టోకొరైన్ (క్లుప్తంగా క్రిప్ట్) సంగతి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే కరగడానికి పెట్టింది పేరు అదే. శ్రీలంక వాగుల్లో పుట్టిన వెండ్టీ రకం మన తొట్టెల్లో అన్నిటికన్నా ఎక్కువ కనిపిస్తుంది. చోటు మారినా, నీరు మారినా, వెలుతురు మారినా ఆకులన్నీ రెండు మూడు రోజుల్లో జావగా మారిపోతాయి. ఇలా ఒక్కసారిగా కూలడానికి కచ్చితమైన కారణం మీద పెంపకందార్లలో ఇంకా ఏకాభిప్రాయం లేదు. మార్పును ఓర్చుకోలేకపోవడమే అన్నది మాత్రం అందరూ ఒప్పుకునే మాట. ఆకులు పోయిన క్రిప్ట్‌ను పైకి తీసి చూడండి. మట్టిలో వేలెడంత దుంపకాండం ఉంటుంది. బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉండి, గోటితో చిన్నగా గీరితే లోపల మీగడ రంగో లేతాకుపచ్చో కనిపిస్తే ప్రాణముంది. వేళ్లు తెల్లగా, లాగితే సాగకుండా ఉండాలి. మెత్తగా నొక్కుకుపోయి, బురద రంగులో కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తే ఆ భాగాన్ని బాగున్న చోటి దాకా కోసెయ్యాలి. మిగిలిన ముక్కను నాటి, దాని జోలికి వెళ్లకుండా ఉండాలి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో మధ్యలోంచి సూదిలా చుట్టుకున్న కొత్త ఆకు లేస్తుంది. ఈలోపు బతికిందో లేదో చూద్దామని రోజుమార్చి రోజు పీకి చూడటం కన్నా ఘోరం లేదు. అప్పుడే పుట్టిన నూలుపోగు వేళ్లన్నీ ఆ చేతిలోనే తెగిపోతాయి.

అనుబియాస్, జావా ఫెర్న్ ఈ విషయంలో మొండివి. వాటి ఆకులు నీటిలోనూ చాలాకాలం నిలుస్తాయి. వాటిని చంపేది నాటే తీరు. వాటి అడ్డకాండాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్లుతుంది. రాయికో కొయ్యకో దారంతో కట్టి వదిలెయ్యడమే. అమెజాన్ స్వోర్డ్‌కు బలమైన వేళ్లుంటాయి, అడుగు మట్టిలో తిండి ఉంటే పాత గుండ్రటి ఆకులు పోతూనే పొడుగాటి కొత్తవి వేస్తుంది. అపోనోజెటాన్, కలువ దుంపలకైతే ఆకులే లేకపోయినా దిగులు అక్కర్లేదు, దుంప గట్టిగా ఉంటే చాలు.

రోటాలా, లిమ్నోఫిలా, బకోపా లాంటి కాడ మొక్కలకు దాచుకున్న సొమ్ము తక్కువ. కానీ ప్రతి కణుపులోనూ ఒక మొగ్గ ఉంటుంది. అడుగున నల్లబడ్డ భాగాన్ని కణుపు కింద పదునైన కత్తెరతో కోసి, పైనున్న ఆరోగ్యమైన ముక్కల్ని విడివిడిగా నాటాలి. తెచ్చిన కట్టను సీసపు పట్టీతో సహా అలాగే గుచ్చితే మధ్యలో వెలుతురు, నీటి కదలిక లేక నాలుగు రోజుల్లో కట్టంతా కుళ్లుతుంది. మరీ నీరసించిన కాడల్ని కొన్నాళ్లు నీటి మీద తేలనివ్వడం మేలు, పైన వెలుతురూ ఎక్కువ, కార్బన్ డయాక్సైడ్ కూడా సులువుగా దొరుకుతుంది. కణుపుల దగ్గర తెల్లటి వేళ్లు కనిపించాక నాటుకోవచ్చు. హార్న్‌వర్ట్‌కు అసలు వేళ్లే ఉండవు. ప్రయాణం తర్వాత సూదుల్లాంటి ఆకులన్నీ రాల్చి ఇల్లంతా చెత్త చేస్తుంది, కొన బతికుంటే మళ్లీ అల్లుకుంటుంది.

టిష్యూ కల్చర్ కప్పుల్లో వచ్చేవి వేరే కోవ. మురాషిగే, స్కూగ్ 1962లో ప్రకటించిన పోషక మిశ్రమం లాంటివాటిలో, చక్కెర కలిపిన జిగురు మీద పెరిగిన పసిమొక్కలివి. నత్తలు, పాచి రావు, అది పెద్ద లాభం. ఆ జిగురును మాత్రం కొంచెం కూడా మిగలకుండా కడగాలి. మిగిలితే అందులోని చక్కెర మీద బూజు, బాక్టీరియా చేరి లేత వేళ్లను తినేస్తాయి. కుండీల్లో వచ్చే మొక్కల వేళ్ల చుట్టూ ఉండే రాక్‌వూల్‌ను కూడా ఓపికగా విడదీసి తియ్యాలి.

ఇక వివాదాల సంగతి. పాడైన ఆకులు కత్తిరించాలా వద్దా? రెండు పక్షాలకూ న్యాయముంది. నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం లాంటి పోషకాలను మొక్క ముసలి ఆకులోంచి వెనక్కి తీసుకుని కొత్త ఆకుకు పంపుతుంది. పసుపెక్కుతున్నా గట్టిగా ఉన్న ఆకు ఇంకా ఇస్తూనే ఉందన్నమాట. దాన్ని కోస్తే మొక్క నోటి దగ్గరి ముద్ద లాగేసినట్టే. కానీ తేటబడి జావగా మారిన ఆకు ఇవ్వాల్సింది ఏమీ లేదు, అది నీటిలోకి అమ్మోనియా వదులుతుంది, పాచికి పునాది వేస్తుంది. చిన్న తొట్టిలో చేపలుంటే ఆ అమ్మోనియా వాటికీ ముప్పే. కాబట్టి గట్టి ఆకు ఉండనివ్వండి, మెత్తబడ్డది తియ్యండి. ఆకులన్నీ మొదలంటా కోసేసి నాటే పద్ధతి నిల్వ దుంప ఉన్న మొక్కలకే చెల్లుతుంది, కాడ మొక్కలకు కాదు.

వెలుతురు విషయంలో నేను మధ్యస్థం వైపే. చీకట్లోంచి వచ్చిన మొక్కకు వెలుతురు కావాలి, కానీ కొత్త ఆకులు లేనప్పుడు పది పన్నెండు గంటల గట్టి లైటు మొక్కకు ఉపయోగపడదు, పాచికి ఉపయోగపడుతుంది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు, మోస్తరు వెలుతురు చాలు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉన్నవాళ్లకు ఈ వారాల్లోనే దాని విలువ తెలుస్తుంది. చేపలున్న తొట్టిలో సాధారణంగా 30 పీపీఎం దాటనివ్వరు, ఆ లోపు ఇస్తే మార్పు దశ త్వరగా, తక్కువ నష్టంతో గడుస్తుంది. లేనివాళ్లు లైటు తగ్గించుకుని ఓపిక పట్టాలి, అంతే. లిక్విడ్ కార్బన్ పేరుతో అమ్మే సీసాలతో మాత్రం జాగ్రత్త. వాటిలో ఎక్కువగా ఉండేది గ్లుటరాల్డిహైడ్, ఆస్పత్రుల్లో పరికరాలను శుద్ధిచేసే రసాయనం. వాలిస్నేరియా దానికి తట్టుకోలేక కరిగిపోవడం పెంపకందార్లకు బాగా తెలిసిన విషయం. నీరసించిన మొక్క మీద దాన్ని ప్రయోగించొద్దు. ఎరువు కూడా కొత్త ఆకు కనిపించేదాకా సగం మోతాదు చాలు. తీసుకునే ఆకూ వేరూ లేనప్పుడు వేసినదంతా పాచి పాలే.

మన నీళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బయటి దేశాల పుస్తకాల్లో రాసినవి మన బోరు నీళ్లకు సరిపోవు. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల బోరు నీరు బాగా గట్టిది, బైకార్బనేట్ ఎక్కువ. వాలిస్నేరియా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ ఆ బైకార్బనేట్‌లోంచే కార్బన్ తీసుకోగలవు, అందుకే గట్టి నీటిలో నిలదొక్కుకుంటాయి. జావా మాస్ లాంటివి ఆ పని చెయ్యలేవు. మన దక్షిణాది మొక్కే అయిన రోటాలా మాక్రాండ్రా మెత్తటి నీళ్లు కోరుతుంది. సగం ఆర్వో నీళ్లు కలపడం పని చేస్తుంది, పూర్తిగా ఆర్వో పోస్తే కాల్షియం, మెగ్నీషియం లేక కొత్త ఆకులు ముడుచుకుపోతాయి. మున్సిపల్ నల్లా నీటికి క్లోరిన్ పోవడానికి హైపో వెయ్యాలి. ఎండాకాలంలో తొట్టి నీరు 30 డిగ్రీలు దాటి కూర్చుంటుంది, చాలా మొక్కలకు 22 నుంచి 28 హాయి. ఏప్రిల్, మే నెలల్లో సున్నితమైన మొక్కలు తెప్పించకపోవడమే మంచి వైద్యం. అమెరికాలో ఉన్న మనవాళ్లకు బాధ తిరగబడుతుంది, జనవరిలో హీట్ ప్యాక్ లేకుండా వచ్చిన క్రిప్ట్ చలి దెబ్బకు నల్లబడుతుంది. ఇక్కడినుంచి మొక్కల్ని సూట్‌కేసులో పట్టుకెళ్లాలనుకునేవాళ్లు గుర్తుంచుకోవాలి, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా చాలా దేశాలు మొక్కను లోపలికి రానివ్వవు.

నత్తలు, పాచి రాకుండా ముందే మందునీళ్లలో ముంచాలా అన్నది ఇంకో చర్చ. ఒక వంతు బ్లీచ్‌కు 19 వంతుల నీళ్లు కలిపి రెండు నిమిషాలు ముంచడం, లేత గులాబీ రంగు పర్మాంగనేట్ నీళ్లు, పటిక నీళ్లు, మూడూ వాడుకలో ఉన్నవే. ఆరోగ్యంగా వచ్చిన అనుబియాస్ బ్లీచ్‌ను తట్టుకుంటుంది. సగం కరిగిన కాడ మొక్కను అందులో ముంచితే మిగిలింది కూడా పోతుంది. నీరసించిన మొక్కను విడిగా ఒక ప్లాస్టిక్ టబ్బులో, కిటికీ వెలుతురులో ఒకటి రెండు వారాలు ఉంచి, నీళ్లు మారుస్తూ, కనిపించిన నత్త గుడ్లను చేత్తో తీసెయ్యడం ఎన్నో రెట్లు మేలు. రొయ్యలు పెంచేవాళ్లకు ఇది తప్పనిసరి. దిగుమతైన మొక్కల మీద పురుగుమందు అవశేషాలు ఉండే అవకాశముంది, వాటివల్ల ఒక్కరోజులోనే తొట్టిలోని రొయ్యలన్నీ పోవచ్చు.

అందరూ పట్టించుకోని మార్గం ఒకటుంది, నాకు అన్నిటికన్నా నమ్మకం దాని మీదే. నర్సరీలో నీటి బయట పెరిగిన క్రిప్ట్, రోటాలా, విస్టీరియా మరీ దెబ్బతిని వస్తే వెంటనే నీట ముంచకండి. మూత ఉన్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలో రెండంగుళాల తడి మట్టి పోసి అందులో నాటి, మూత పెట్టి, నేరుగా ఎండ తగలని కిటికీ దగ్గర ఉంచండి. రోజుకోసారి మూత తీసి గాలి ఆడనివ్వాలి. పాత ఆకులు మార్చుకోవాల్సిన పనిలేదు కాబట్టి మొక్క మిగిలిన బలమంతా వేళ్ల మీద పెడుతుంది. ఒళ్లు చేశాక అప్పుడు నీటిలోకి దింపితే ఆకులు కరిగినా వెనక్కి తగ్గదు. మన తీరప్రాంతపు ఉక్కపోత ఈ పద్ధతికి అచ్చంగా సరిపోతుంది.

అన్నీ చేసినా కొన్ని మొక్కలు పోతాయి. దుంప మెత్తబడి, వేళ్లు నల్లబడి, కణుపుల్లో పచ్చదనం లేకపోతే వారాల తరబడి ఆగాల్సిన అవసరం లేదు, తీసెయ్యొచ్చు. తీసేసినదాన్ని, కత్తిరించిన ముక్కల్ని చెరువులోనో కాలవలోనో పడెయ్యొద్దు. గుర్రపుడెక్క మన చెరువులకు ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం. కేరళలో పేరాంబ్ర దగ్గర 2020లో కాలవ నిండా గులాబీ పూలతో విరగబూసి జనాన్ని ఆకర్షించిన కబోంబా దక్షిణ అమెరికా నుంచి వచ్చిన అక్వేరియం మొక్కే. ఎండలో పూర్తిగా ఎండబెట్టి కంపోస్టులో వెయ్యండి.

చివరగా అమ్మేవాళ్లకొక విన్నపం. ప్యాకెట్ మీద రెండే రెండు విషయాలు రాయండి. మొక్క నీటిలో పెరిగిందా బయట పెరిగిందా, ఏ తేదీన తీసి ప్యాక్ చేశారు. కొనేవాళ్లు కూడా ఆ రెండూ అడిగాకే డబ్బులు కట్టండి, సోమవారం బయలుదేరేలా పంపమనండి. శుక్రవారం పంపిన పెట్టె ఆదివారమంతా ఏదో గోదాములో చీకట్లో పడి ఉంటుంది.